లేజర్ పడ్డాక కూడా మూసుకునే కంటి కోణం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కంటి ఆసుపత్రుల్లో ‘యాంగిల్ ఇరుగ్గా ఉంది, లేజర్ పెట్టాలి’ అనే మాట కొత్తది కాదు. యాంగిల్ అంటే కంటి లోపలి నీరు బయటికి పోయే మూల, కోణం. లేజర్ అయ్యాక రోగికి చెప్పే మాట కూడా దాదాపు ఒకటే: ఇక భయం లేదు. ఎక్కువమంది విషయంలో అది నిజమే. కానీ కొందరికి లేజర్‌తో కంటి తెరలో పెట్టిన రంధ్రం చక్కగా పడినా, చుక్కల మందు మానకుండా వేసుకున్నా, ఏడాదికో రెండేళ్లకో దీపం చుట్టూ అవే రంగుల వలయాలు, అదే కణత నొప్పి మళ్లీ మొదలవుతాయి. లేజర్ సరిగా పడలేదేమోనని ఇంట్లోవాళ్లు అనుమానిస్తారు. ఆసుపత్రిలో మందు మార్చి పంపేస్తారు. అసలు కారణం ఆ రెండింటిలోనూ లేకపోవచ్చు. అది కంటి నిర్మాణంలోనే, రంధ్రం పెట్టిన తెర వెనకాల దాగి ఉండొచ్చు. దాన్ని ప్లాటో ఐరిస్ అంటారు. పట్టుకోవాలంటే లేజర్ తర్వాత ఇంకోసారి కంటి మీద అద్దాల లెన్సు పెట్టి చూడాలి. ఆ రెండోసారి చూడటమే మన దగ్గర ఎక్కువగా తప్పిపోతోంది.

కంటి లోపల రోజంతా ఒక సన్నటి నీటి ప్రవాహం నడుస్తుంటుంది. కనుపాప చుట్టూ ఉండే గోధుమరంగు తెరను ఐరిస్ అంటారు. దాని వెనక, అంచున, సిలియరీ బాడీ అనే భాగం ఈ నీటిని తయారుచేస్తుంది. ఉత్పత్తి నిమిషానికి రెండు, రెండున్నర మైక్రోలీటర్లు మాత్రమే. చుక్కల మందు సీసా నుంచి రాలే ఒక్క బొట్టంత నీరు ఊరడానికి పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది. ఆ నీరు కంటి లెన్సుకీ ఐరిస్‌కీ మధ్య సందులోంచి కనుపాప గుండా ముందు గదిలోకి వచ్చి, ఐరిస్ అంచు కార్నియాను, అంటే కంటి ముందున్న పారదర్శక పొరను, కలిసే మూలలో ఉన్న జల్లెడలాంటి కణజాలం ద్వారా బయటికి పోతుంది. ఆ మూలనే కోణం అంటారు. ఊరే నీరు, పోయే నీరు సమంగా ఉన్నంతకాలం కంటి ప్రెజర్ 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య నిలుస్తుంది. పోయే దారి మూతపడితే ప్రెజర్ పెరిగి కంటి నరాన్ని నొక్కేస్తుంది. చచ్చిన నరపు పోగులు మళ్లీ బతకవు. ఇదే నీటికాసులు.

చెరువు మదుము, అంటే తూము, తెలిసినవాళ్లకు ఇందులో రెండు రకాలు ఎందుకున్నాయో వెంటనే తెలుస్తుంది. ఒక రకంలో మదుము నోరు తెరిచే ఉంటుంది, లోపల పూడిక పడుతుంది. అది తెరిచిన కోణం నీటికాసులు. నెమ్మదిగా, నొప్పి లేకుండా చూపు తినేస్తుంది. రెండో రకంలో పూడిక ఏమీ ఉండదు, పలకే వచ్చి మదుము నోటికి అడ్డంగా అతుక్కుంటుంది. ఇక్కడ ఆ పలక ఐరిస్. ఈ వ్యాసం రెండో రకం గురించే. అడ్డం తీస్తే నీరు పోతుంది కాబట్టి, పలక ఎందుకు అతుక్కుందన్న ప్రశ్నకు జవాబు దొరికితే చికిత్స కూడా దొరికినట్టే. అన్ని కళ్లలోనూ పలక ఒకే కారణంతో అతుక్కోదు.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం కనుపాప దగ్గర ఏర్పడే అడ్డంకి. వయసు పెరిగేకొద్దీ కంటి లెన్సు లావెక్కుతుంది. సామాన్యమైన కన్ను ముందు నుంచి వెనక్కి 23, 24 మిల్లీమీటర్లు ఉంటే, కొందరి కన్ను అంతకంటే పొట్టిగా ఉంటుంది. ప్లస్ పవర్ అద్దాలు వాడేవాళ్లు, నలభై దాటిన ఆడవాళ్లు వీరిలో ఎక్కువ. ఆ ఇరుకు కంట్లో లావెక్కిన లెన్సు ఐరిస్ వెనక భాగాన్ని ఒరుసుకుంటుంది. నీరు కనుపాపలోంచి ముందుకు రాలేక వెనకే నిలిచి, గాలికి తెరచాప ఉబ్బినట్టు ఐరిస్‌ను ముందుకు ఉబ్బిస్తుంది. ఉబ్బిన తెర అంచు కోణాన్ని మూసేస్తుంది. ఐరిస్‌లో ఓ మూల చిన్న రంధ్రం పెడితే నీరు ఆ అడ్డదారిన ముందుకు వస్తుంది, ఉబ్బు తగ్గుతుంది, కోణం తెరుచుకుంటుంది. జర్మన్ వైద్యుడు ఆల్‌బ్రెక్ట్ ఫాన్ గ్రేఫే 1857లోనే ఐరిస్ ముక్క కోసి తీసి నీటికాసుల నొప్పిని తగ్గించాడు. అది ఎందుకు పనిచేస్తోందో అప్పటికి ఎవరికీ తెలియదు. కనుపాప దగ్గర అడ్డంకి అనే వివరణ 1920లో ఎడ్వర్డ్ కరన్ ఇచ్చాడు. ఇప్పుడు కత్తి అవసరం లేదు. యాగ్ లేజర్‌తో కుర్చీలో కూర్చోబెట్టి కొద్ది నిమిషాల్లో ముగిస్తున్నారు.

ఈ విజయమే ఒక అలవాటును మిగిల్చింది. కోణం ఇరుగ్గా ఉంటే రంధ్రం, రంధ్రం పడితే పని అయిపోయింది, అంతే. ప్లాటో ఐరిస్ ఉన్న కంట్లో ఈ లెక్క తప్పుతుంది.

అలాంటి కంట్లో సిలియరీ బాడీ నుంచి వేళ్లలా పొడుచుకొచ్చే భాగాలు ఉండాల్సిన చోటు కంటే ముందుకు జరిగి ఉంటాయి. అవి ఐరిస్ అంచును వెనక నుంచి ఎత్తిపట్టి కోణం వైపు నెడతాయి. తెర ఉబ్బదు. నడిమిభాగం బల్లపరుపుగా ఉండి, కోణం దగ్గరికి వచ్చాక ఒక్కసారిగా కిందికి వంగుతుంది. పీఠభూమిలా కనిపిస్తుంది కాబట్టే ఆ పేరు. స్వీడన్ వైద్యుడు టోర్న్‌క్విస్ట్ 1958లో ఇలాంటి కన్నును వర్ణించాడు. వెనక ఏం జరుగుతోందో చూడటానికి అప్పుడు సాధనం లేదు. టొరంటోలో పావ్లిన్, ఫోస్టర్ తీర్చిదిద్దిన అల్ట్రాసౌండ్ బయోమైక్రోస్కోపీ, అంటే యూబీఎం వచ్చాక, 1992లో ఆ ముందుకు జరిగిన వేళ్లు యంత్రం తెర మీద కనిపించాయి. అప్పటికి గానీ రంధ్రం ఎందుకు చాలడం లేదో అర్థం కాలేదు. రంధ్రం నీటి ఒత్తిడిని సమం చేస్తుంది. వెనక నుంచి ఎత్తిపట్టిన వేళ్లను అది కదిలించలేదు. చీకట్లో కనుపాప పెద్దదైనప్పుడు ఐరిస్ మడతలు పడి అంచుకు చేరుతుంది. అక్కడ వెనక్కి తగ్గే చోటు లేదు కాబట్టి నేరుగా కోణంలో ఇరుక్కుంటుంది.

ఈ కన్ను పరీక్షించేవాళ్లను మోసం చేస్తుంది. ఆరోగ్య శిబిరాల్లో కణత వైపు నుంచి టార్చి వేసి, ముక్కు వైపు ఐరిస్ మీద నీడ పడుతుందా అని చూస్తారు. ఉబ్బిన ఐరిస్ నీడ వేస్తుంది, బల్లపరుపు ఐరిస్ వేయదు. కంటి ముందు గది నడుమ లోతుగానే ఉంటుంది. అందుకే ప్లాటో ఐరిస్ ఉన్న మనిషి టార్చి పరీక్ష దాటి ‘నార్మల్’ అనే చీటీతో ఇంటికి వెళ్లిపోగలదు.

వెళ్లిపోగలదు అనడానికి కారణం ఉంది. ఇలాంటి వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, అదీ కాస్త చిన్న వయసులో, ముప్పై అయిదు, యాభై మధ్య. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనిలో ఉన్న ఒక నలభై రెండేళ్ల ఆవిడను ఊహించుకుంటే ఈ జబ్బు నడక స్పష్టంగా కనిపిస్తుంది. రోజంతా తల వంచి పని. సాయంత్రం వెలుతురు తగ్గేవేళకు నుదుటి మీద ఒక పక్క బరువు. ఇంటికొచ్చి బల్బు వేస్తే చుట్టూ రంగుల వలయం, కళ్లకు మంచు పట్టినట్టు మసక. కాసేపటికి వాంతి. దగ్గర్లోని ఆర్‌ఎంపీ పార్శ్వపు నొప్పి అంటాడు, నొప్పి సూది వేస్తాడు, ఆవిడ పడుకుంటుంది. తెల్లారేసరికి అన్నీ తగ్గిపోతాయి. సూది పనిచేసిందని ఇంటిల్లిపాదీ నమ్ముతారు. నిజానికి పనిచేసింది నిద్ర. నిద్రలో కనుపాప చిన్నదవుతుంది, ఐరిస్ సాగి కోణంలోంచి బయటికి వస్తుంది, ప్రెజర్ దిగుతుంది. ‘పడుకుంటే తగ్గింది’ అన్న మాట పార్శ్వపు నొప్పికి రుజువుగా చెల్లిపోతుంటుంది గానీ, సాయంత్రాలూ చీకటి సినిమా హాలూ రంగుల వలయాలూ కలిసి వచ్చాయంటే అదే మాట మూసుకునే కోణానికి ఆనవాలు. ఒంటికణత నొప్పితో వచ్చిన మనిషిని ‘దీపం చుట్టూ రంగులు కనిపిస్తున్నాయా?’ అని అడగడానికి యంత్రం అక్కర్లేదు, డిగ్రీ అక్కర్లేదు. ఆశా కార్యకర్త కూడా అడగొచ్చు.

ఇక రోగ నిర్ధారణ. గోనియోస్కోపీ అనే పరీక్షలో మత్తు చుక్క వేసి, లోపల చిన్న అద్దాలున్న లెన్సును కార్నియా మీద ఆనిస్తారు. మామూలుగా బయటి నుంచి కనిపించని కోణం ఆ అద్దంలో కనిపిస్తుంది. గది చీకటిగా ఉండాలి, వేసే వెలుగు గీత సన్నగా, పొట్టిగా ఉండాలి, కనుపాప మీద పడకూడదు. ఇవి చాదస్తపు నియమాలు కావు. కిటికీ తెరిచి ఉన్న ఓపీ గదిలో కనుపాప చిన్నదైపోతుంది, కోణం తెరుచుకున్నట్టు కనిపిస్తుంది, వైద్యుడు ‘ఓపెన్’ అని రాసేస్తాడు. అదే కన్ను రాత్రి ఇంట్లో మూసుకుంటుంది.

రెండో దశలో లెన్సును కాస్త నొక్కి చూస్తారు. కార్నియా నొక్కుకుని నీరు పక్కలకు జరిగి ఐరిస్‌ను వెనక్కి నెడుతుంది. కనుపాప అడ్డంకి ఒక్కటే ఉంటే ఐరిస్ సాఫీగా వెనక్కి వాలి కోణం విశాలమవుతుంది. ప్లాటో ఐరిస్ అయితే ఒక ప్రత్యేకమైన ఆకారం కనిపిస్తుంది. ఉద్దానం తోటలో నేల మీద నడిమధ్య ఒక పనసకాయ పెట్టి, చుట్టూ అంచు వెంట కొబ్బరిబోండాలు పేర్చి, మీద తడి గోనెపట్టా పరిచి నొక్కితే ఎలా ఉంటుంది? పట్టా పనసకాయ మీద ఎత్తుగా నిలుస్తుంది, దాని పక్కన పల్లంలోకి దిగుతుంది, అంచు దగ్గర బోండాల మీదుగా మళ్లీ లేస్తుంది. పనసకాయ స్థానంలో కంటి లెన్సు, బోండాల స్థానంలో సిలియరీ వేళ్లు, పట్టా స్థానంలో ఐరిస్. ఈ రెండు గుట్టల ఆకారం కనిపించిందంటే నొక్కుతున్నవాడి చేతికి జవాబు దొరికినట్టే. ఎంత నొక్కినా అంచు గుట్ట పూర్తిగా తగ్గదు. మామూలు కంటే ఎక్కువ బలం పెట్టాల్సి రావడం కూడా ఒక గుర్తే.

యూబీఎం దీన్ని బొమ్మలో చూపించి ఖాయం చేస్తుంది. అందులో వాడే 35 నుంచి 50 మెగాహెర్ట్జ్ ధ్వని తరంగాలు ఐరిస్ వెనకకు కూడా వెళ్తాయి. కంటి ముందు భాగాన్ని కాంతితో తీసే ఓసీటీ స్కాన్ బొమ్మ అందంగా వస్తుంది గానీ, దాని కాంతి ఐరిస్ వెనకనున్న రంగు పొరను దాటలేదు, కాబట్టి ఆ వేళ్లను సరిగా చూపించలేదు. స్కాన్ తీయించాం కదా, ఇంకేం అనుకోవడానికి లేదు. యూబీఎం పెద్ద కంటి ఆసుపత్రులకే పరిమితం. ఇచ్ఛాపురం నుంచి విశాఖ 200 కిలోమీటర్ల పైచిలుకు. అటువైపువాళ్లలో చాలామంది వైద్యానికి బరంపురమే పోతారు. గోనియో లెన్సు మాత్రం జేబులో పడుతుంది. ఈ జబ్బుకు తొలి నిర్ధారణ ఆ లెన్సుతోనే జరుగుతుంది కాబట్టి, యంత్రం లేదన్న కారణంతో రోగిని వదిలేయాల్సిన పని లేదు. లోటు యంత్రంలో కంటే తీరికలో, అలవాటులో ఉంది. రద్దీ ఓపీలో ఒక్కో కంటికి చీకటి గదిలో అయిదు నిమిషాలు కేటాయించడం కష్టమే. అయినా ఈ పరీక్షను వదులుకోవడం సరికాదు.

ఆకారం కనిపించినంత మాత్రాన జబ్బు ముదిరిందని కాదు. రంధ్రం పడ్డాక కోణం తెరిచే ఉండి, ప్రెజర్ మామూలుగా ఉంటే అది నిర్మాణంలో ఒక తీరు మాత్రమే, గమనిస్తూ ఉంటే చాలు. రంధ్రం తెరుచుకుని ఉన్నా, కనుపాప పెద్దదైనప్పుడు కోణం మూసుకుని ప్రెజర్ పెరిగితేనే దాన్ని ప్లాటో ఐరిస్ సిండ్రోమ్ అంటారు. ఈ తేడా తెలియాలంటే ముందు రంధ్రం పడాలి. ఈ కళ్లలో చాలావాటిలో కనుపాప అడ్డంకి కూడా కొంత కలిసి ఉంటుంది కాబట్టి, చికిత్స లేజర్ రంధ్రంతోనే మొదలవుతుంది. వారం రెండు వారాల తర్వాత మళ్లీ గోనియోస్కోపీ.

అప్పటికీ కోణం మూసుకుంటుంటే మూడు దారులున్నాయి. పైలోకార్పిన్ చుక్కలు కనుపాపను చిన్నగా ఉంచి ఐరిస్‌ను కోణంలోంచి లాగుతాయి. నుదుటి నొప్పి, సందెవేళ మసక వాటి ఇబ్బందులు. సాయంత్రం సైకిల్ మీద ఇంటికి వెళ్లే మనిషికి అది చిన్న ఇబ్బంది కాదు, మందు రాసేటప్పుడే చెప్పాలి. రెండోది ఇరిడోప్లాస్టీ. ఇది కూడా లేజరే గానీ రంధ్రం పెట్టదు. ఐరిస్ అంచు చుట్టూ ఇరవై పైచిలుకు చోట్ల అర సెకను చొప్పున మెల్లని వేడి తగిలిస్తారు. సెగ తగిలిన చోట కణజాలం ముడుచుకుని అంచు పలచబడుతుంది, కోణం దగ్గర సందు వస్తుంది. వేళ్లు అలాగే ఉన్నా వాటి మీది తెర సన్నబడుతుంది. ఫలితం కొందరిలో ఏళ్ల తరబడి నిలుస్తుంది, కొందరిలో తగ్గి మళ్లీ చేయాల్సి వస్తుంది.

మూడోది కంటి లెన్సు తీసి కృత్రిమ లెన్సు పెట్టడం, అంటే శుక్లం ఆపరేషనే. 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఈగిల్ పరిశోధన 419 మందిని పరిశీలించింది. కోణం మూసుకున్న యాభై ఏళ్లు దాటినవాళ్లలో, శుక్లం లేకపోయినా లెన్సు తీసేయడం లేజర్ రంధ్రం కంటే మంచి ఫలితాన్నిచ్చింది. ఆ ఫలితాన్ని నేరుగా ప్లాటో ఐరిస్‌కు అతికించడం సరికాదు, అది దాని కోసం చేసిన పరిశోధన కాదు. లెన్సు తీశాక కూడా అంచు దగ్గర వేళ్లు ఐరిస్‌ను తాకుతూనే ఉండొచ్చు. కోణంలో చోటు మాత్రం పెరుగుతుంది. అరవై ఏళ్ల మనిషికి శుక్లం మొదలైతే ఆపరేషన్ ఆలస్యం చేయకపోవడమే మేలు. నలభై రెండేళ్ల జీడి కార్మికురాలి విషయం వేరు. ఆ వయసులో మిగిలి ఉన్న దగ్గరి చూపు పట్టు లెన్సుతోపాటే పోతుంది. ఆమెకు ముందు ఇరిడోప్లాస్టీ ఆలోచించడం సబబు. ఐరిస్ అప్పటికే కోణానికి శాశ్వతంగా అతుక్కుపోయి ఉంటే ఇవేవీ చాలవు, నీటికి కొత్త దారి చేసే ట్రాబెక్యులెక్టమీ ఆపరేషన్ కావాలి. రెండోసారి చూడటం ఆలస్యమైతే పోయేది ఇదే: అతుకు పడకముందే తెరిచే అవకాశం.

శ్రీకాకుళం జిల్లాకు ప్రత్యేకమైన ప్రమాదం ఇంకొకటి ఉంది. ఇది ప్లాటో ఐరిస్‌కే కాదు, కోణం హఠాత్తుగా మూసుకున్న ప్రతి కంటికీ వర్తిస్తుంది. అలాంటి దాడిలో ప్రెజర్ 50, 60 దాటిపోతుంది. కన్ను ఎర్రబడి రాయిలా గట్టిపడుతుంది. వెంటనే ఇచ్చే మందుల్లో అసిటజోలమైడ్, అంటే డయామాక్స్ మాత్ర, తర్వాత మానిటాల్ సెలైన్ ముఖ్యమైనవి. రెండూ కంటిని కాపాడతాయి, ఒంట్లోంచి బయటికి పోవడానికి రెండూ మూత్రపిండాల మీదే ఆధారపడతాయి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో ఉద్దానం కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను తాకిందో అందరికీ తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైంది కూడా ఈ జబ్బు కోసమే. దెబ్బతిన్న కిడ్నీలు అసిటజోలమైడ్‌ను బయటికి పంపలేవు. మందు ఒంట్లో పేరుకుని రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, మత్తు, తికమక వస్తాయి. మానిటాల్ మూత్రంలోకి పోకపోతే రక్తంలోనే నిలిచి నీటిని లాగుతుంది, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. కన్ను కాపాడబోయి మనిషిని ప్రమాదంలో పడేసినట్టవుతుంది.

ఉద్దానం నుంచి కంటి నొప్పితో ఎవరొచ్చినా సెలైన్ ఎక్కించేముందు కిడ్నీ సంగతి అడగాలి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు చుక్కల మందులతో ప్రెజర్ దించుతూ, వీలైనంత త్వరగా లేజర్ వైపు వెళ్లాలి. కార్నియా మసకబారి రంధ్రం పెట్టలేని స్థితిలోనూ ఇరిడోప్లాస్టీతో దాడిని ఆపగలిగే సందర్భాలు ఉన్నాయి. రోగి వైపు నుంచి చేయగలిగింది చిన్నదే, కానీ ముఖ్యమైనది. కంటి ఆసుపత్రికి వెళ్లినా సరే, కిడ్నీ ఆసుపత్రి కాగితాలు చేతిలో ఉండాలి. ఆయాసం, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ సంగతీ చెప్పాలి, కంటి ప్రెజర్ దించే టిమోలాల్ చుక్కలు వాళ్లకు పడవు.

కోణాన్ని మూసే కారణాలు ఇంకా ఉన్నాయి, వాటికి చికిత్స తీరు వేరు. ముదిరి ఉబ్బిన శుక్లం తనంత తానే ఐరిస్‌ను ముందుకు తోసేస్తుంది. శుక్లం బాగా పండాకే ఆపరేషన్ చేయించాలన్న పాత మాట ఇంకా కొన్ని ఊళ్లలో నడుస్తోంది, అది ఇప్పుడు చెల్లదు. ఐరిస్ వెనక నీటి తిత్తులు ఉంటే అచ్చం ప్లాటో ఐరిస్‌లాగే కనిపిస్తుంది, యూబీఎంలోనే తేలుతుంది. పార్శ్వపు నొప్పికీ మూర్ఛకూ ఇచ్చే టోపిరమేట్ మాత్ర మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే రెండు కళ్లూ ఒకేసారి మసకబారితే, అక్కడ రంధ్రం పనిచేయదు, పైలోకార్పిన్ ఇంకా చెడు చేస్తుంది. వైద్యుడికి చెప్పి మాత్ర ఆపడమే చికిత్స. కోణం మూసుకున్న నొప్పిని పార్శ్వపు నొప్పిగా పొరబడి ఇదే మాత్ర రాస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

అలాగని ఇరుకు కోణం ఉన్న ప్రతివాళ్లకూ లేజర్ కొట్టేయడం కూడా సరికాదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో 889 మందిని ఆరేళ్లు గమనించిన జాప్ పరిశోధన 2019లో వెలువడింది. కోణం ఇరుకుగా ఉండటం తప్ప మరే లక్షణమూ లేనివాళ్లలో కోణం మూసుకునే ముప్పును లేజర్ దాదాపు సగానికి తగ్గించింది గానీ, లేజర్ చేయని కళ్లలో కూడా ఆ ముప్పు వెయ్యి కళ్లకు ఏడాదికి ఎనిమిది లోపే ఉంది. ఏటా పరీక్షకు రాగలిగిన మనిషికి ఆగి చూద్దాం అనొచ్చు. మందస కొండదారుల్లోంచి, సాలూరు అవతలి గిరిజన గూడేల నుంచి మళ్లీ ఎప్పుడొస్తారో తెలియనివాళ్లకు, ఇంట్లో ఒకరికి ఇప్పటికే చూపు పోయినవాళ్లకు అదే మాట చెప్పడం కష్టం. ఇక్కడ గ్వాంగ్‌జౌ లెక్కను అలాగే దించుకోవడం కంటే రోగి ఊరు, బస్సు, కూలి కూడా లెక్కలో వేసుకోవడమే సరైన వైద్యం.

ఈ నిర్మాణం కుటుంబాల్లో నడుస్తుంది. ఒకరికి తేలితే అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, నలభై దాటిన పిల్లలు కూడా కోణం చూపించుకోవాలి. ఒక కంట్లో దాడి వచ్చిందంటే రెండో కన్ను కూడా అదే అచ్చులో పోసిందే, దానికీ లేజర్ పెట్టించడంలో ఆలస్యం పనికిరాదు. జలుబు మాత్రల్లో కొన్ని, కడుపు నొప్పికి ఇచ్చే కొన్ని మందులు కనుపాపను పెద్దది చేస్తాయి కాబట్టి, ఇరుకు కోణం ఉందని తెలిసినవాళ్లు మందుల దుకాణంలో ఆ సంగతి చెప్పి కొనాలి. షుగర్ ఉన్నవాళ్లు రెటీనా పరీక్షకు చుక్కలు వేయించుకోవడానికి భయపడనక్కర్లేదు, ముందు కోణం చూడమంటే సరిపోతుంది.

లేజర్ చేయించుకుని ఏడాది దాటినవాళ్లు ఇంట్లో ఉంటే ఓపీ చీటీ బయటికి తీసి చూడొచ్చు. ప్రెజర్ అంకెలు ఉంటాయి, చుక్కల మందు పేరు ఉంటుంది. గోనియో అన్న మాట, దాని పక్కన తేదీ కూడా ఉండాలి. లేజర్‌కు ముందు ఒకటి, తర్వాత ఒకటి. రెండోది లేకపోతే ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు అడగాల్సింది అదే: ‘డాక్టరు గారూ, లేజర్ అయ్యాక యాంగిల్ తెరుచుకుందో లేదో చూశారా?’